అడిగాను, పూచీ నాది

మజిలీ 418

ఈ రోజు పొద్దుటి సంగతి రాయాలి. అది మామూలు పొద్దే. అందుకే జాగ్రత్తగా రాయాలి.

తెల్లవారుతుండగా లేచాను. చెంబులో నా వాటా నీళ్ళు చూసుకున్నాను. గుక్కెడు స్వామికి, దోసెడు నా మొహానికి, మిగతాది దాహానికి. తడి చేత్తోనే నరసింహస్వామి పటం తుడిచి దండం పెట్టుకున్నాను.

బయట బండ్లన్నీ రెక్కలు విప్పుతున్నాయి. మా ఊరే ఈ బిడారు, అరవై మూడు బండ్లు. ఒక్కోదానికి రెండు రెక్కలు. రాత్రి పడిన దుమ్మును ఎవరి రెక్కల మీదది వాళ్ళు తుడుచుకోవాలి. తుడవని బండికి ఎండ ఎక్కదు. ఎండ ఎక్కని బండిని పక్కబండి లాగాలి. లాగినవాళ్ళ మాటలు మూడు మజిలీల దాకా పడాలి. మా రెక్కలు నేనే తుడుస్తాను. తుడుస్తూ జపం మొదలుపెడతాను. నూటెనిమిది నామాలు రెక్కల దగ్గర మొదలై మందుల బండిలో పూర్తవుతాయి. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

మా మరదలు సుంకులమ్మ పొయ్యి మీద అంబలి కలుపుతూ ఉంది.

"వదినా, స్వామికి నా తరఫున గూడా ఒక మాట చెప్పు. ఈ పొయ్యికి సెగ రావడంల్యా."

నామం మధ్యలో ఉన్నాను కాబట్టి తల ఊపాను.

సుంకులమ్మ మొగుడు నా తమ్ముడు మద్దిలేటి. ముందుబండి నడుపుతాడు. మిగతా అరవై రెండు బండ్లకూ నడిపేవాళ్ళు ఉండరు. ఒకదాని జాడ ఒకటి పట్టుకుని వాటంతట అవే నడుస్తాయి. కాబట్టి ఊరంతా వాడి చేతిలో ఉన్నట్టే. ఆ సంగతి వాడు రోజుకు ఒకసారైనా మాకు గుర్తు చేస్తాడు. నలభై ఆరేళ్ళవాడు. రెండేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాడు.

మందుల బండిలో పెట్టె ఉంది. నాడి చూసేది, ఏ మందో ఎంతో చెప్పేది అదే. సొరుగు మాత్రం దానంతటది తెరవదు. "మనిషిని అడిగారా? పూచీ ఎవరిది?" అంటుంది. అప్పుడు పూచీదారు ఆ మనిషి మణికట్టు మీద చెయ్యి వేసి, మొహంలోకి చూసి అడగాలి. నిన్న ఏం తిన్నావు, నీళ్ళు ఎన్ని తాగావు, పొట్ట ఎట్లుంది, ఈ రోజు పనేమిటి. పెట్టెకు తెలియనివి ఇవే. విన్నాక, పెట్టెకూ మనిషికీ వినబడేలా "అడిగాను, పూచీ నాది" అనాలి. సొరుగు తెరుచుకుంటుంది. మా బిడారుకు పూచీదారును నేను ఒక్కదాన్నే. మా చిన్నచెల్లెలు అంజినమ్మ నా దగ్గర నేర్చుకుంటోంది.

ఈ పొద్దున మద్దిలేటి చెయ్యి చాపేసరికి నేను ఎనభై నాలుగో నామంలో ఉన్నాను. మణికట్టు పట్టుకున్నాను. పెట్టె అడిగింది. "అడిగాను, పూచీ నాది" అన్నాను. వాడు మాత్ర మింగి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. నేనూ వాడి మొహం చూడలేదు. ఎనభై అయిదో నామం.

ఏమీ అడగలేదని, ఇప్పుడు ఇది రాస్తుంటే తెలుస్తోంది.

తరవాత జరిగింది అందరికీ తెలిసిందే. అయినా ఈ పుస్తకంలో ఉండాలి.

ఎండిన పెద్దచెరువు మధ్యకు వచ్చేసరికి ఎండ ముదిరింది. నేను మందుల బండిలో పట్టీలు చుడుతున్నాను. వెనకబండి మాదే. సుంకులమ్మ ఇసుకతో గిన్నెలు తోముతూ కిటికీలోంచి కేకేసింది.

"వదినా! ఆ పుట్ట ఇంతకుముందు పోయిందే గదా?"

"పుట్టలన్నీ ఒకటిగానే ఉంటాయి సుంకులూ."

"ఒకటిగానే ఉంటాయి సరే. అన్నిటి మీదా ఎర్రపేలిక చుట్టుంటాదా?"

కాసేపటికి పుట్ట మూడోసారి వచ్చింది, ఎర్రపేలికతో సహా. తల బయటపెట్టి చూశాను. ముందుబండి చివరిబండి వెనక నడుస్తోంది. అది చివరిబండి జాడ పట్టుకుంది. ఊరికి ఇప్పుడు ముందూ లేదు, వెనకా లేదు. అరవై మూడు బండ్లు ఒకదాని వెనక ఒకటి ఎంతో బుద్ధిగా గుండ్రంగా తిరుగుతున్నాయి. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు.

అంజినమ్మ దూకి, అడ్డంగా పరుగెత్తి, ముందుబండి ఎక్కి ఆపింది. మద్దిలేటి నేల మీద పడి ఉన్నాడు. నుదుటి మీద రేగిపండంత బొప్పి. లేవబోతే తూలుతున్నాడు. కళ్ళు తెరిచి మొదట అన్న మాట, "అక్కకు చెప్పొద్దు."

లోతుబోరు దగ్గర మా వంతు మిట్టమధ్యాహ్నంతో ముగుస్తుంది. మేము చేరేసరికి ఇరవై నిమిషాలు దాటింది. ఇంకో బిడారువాళ్ళు పైపులు తగిలించుకుంటూ మా వైపు చూసి నవ్వారు. దుమ్ములో మేము గీసిన సున్నా వాళ్ళకు మిట్ట మీదనుంచి కనబడిందట. మాకు మళ్ళీ వంతు ఎల్లుండి. అప్పటిదాకా మనిషికి రోజుకు ఒక చెంబు.

మజిలీ 418, రెండో రోజు

నీళ్ళు లేనప్పుడు మనుషులకు మాటలు ఎక్కువ వస్తాయి. తమ్ముడికి పేరు పెట్టేశారు. గానుగెద్దు.

"ఏమ్రా గానుగెద్దూ, నూనె ఎంత దిగింది?"

"ఆ పుట్టకు మూడు ప్రదక్షిణలు చేయించినావు. పుణ్యమంతా నీకే పోతాదిలే అప్పా."

మామూలుగా ఇలాంటివాటికి రెండింతలు తిరిగిచ్చే మనిషి. ఈ రోజు తల దించుకుని రెక్కలు తుడిచాడు. తుడిచినదే మళ్ళీ తుడిచాడు. అంబలి ముట్టలేదు.

మధ్యాహ్నం బిడారు పెద్ద అశ్వర్థన్న మా బండి దగ్గరకు వచ్చాడు. అరవై అయిదేళ్ళ మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"మద్దిలేటీ, ఒకటే అడుగుతా. నిద్రపోయినావా?"

"గుర్తు లేదన్నా. కన్ను మూసినట్టుంది. పోయే ఉంటా."

ముందుబండిలో నిద్రపోయినవాడు మళ్ళీ ముందుబండి ఎక్కకూడదు. ఇది మా కట్టు. మజిలీ 421లో సభ పెట్టి బండి ఇంకొకరికి అప్పజెబుతామని అశ్వర్థన్న చెప్పాడు. అప్పటిదాకా తానే నడుపుతానన్నాడు. తమ్ముడు సరేనని తల ఊపాడు. ఆ బండి వాడికి ఇరవై రెండో ఏట చేతికొచ్చింది. పెళ్ళికి కూడా దాని మీదే వచ్చాడు.

నేను మందుల బండికి వెళ్ళి పెట్టెలో చూశాను. ఆ పొద్దున రక్తపోటు సరిగానే ఉంది. మాత్ర సరిగానే ఉంది. కింద 'మనిషిని అడిగారు' అని ఉంది. దాని కింద నా పేరు ఉంది.

మజిలీ 419

నీళ్ళు పట్టుకున్నాం. పిల్లలకు స్నానాలు. అశ్వర్థన్న బండి నడిపిన తీరుకు పక్కన నడుస్తున్న మేకలు మమ్మల్ని దాటిపోయాయి.

జపం ఎనభై నాలుగు దగ్గర ఆగింది. మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ అక్కడే ఆగింది.

మజిలీ 420

ఎనభై నాలుగు దగ్గర ఆగినప్పుడు ఇక మాల తీసి పక్కన పెట్టి ఇంటిబండికి వచ్చాను. మద్దిలేటి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎదురుగా కూర్చుని మణికట్టు పట్టుకున్నాను. ఈసారి మొహంలోకి చూశాను. కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి.

"నువ్వు పడిపోయావే, దాని ముందురోజు ఏం తిన్నావు?"

"ఇప్పుడెందుకక్కా?"

"అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా."

వాడు పెళ్ళాం వైపు చూశాడు. సుంకులమ్మ గిన్నె పక్కన పెట్టింది.

"నేను చెప్పనని ఒట్టేసినా. అందుకని నువ్వే చెప్పు. చెప్పకుంటే నేనే చెప్తా."

"ముంజలు" అన్నాడు.

"ఎన్ని?"

"కొన్ని."

"నలభై!" అంది సుంకులమ్మ. "పందెమంట వదినా. చివరిబండి వాళ్ళతో పందెం. ముప్పై తినలేవు అన్న్యారంట. ఈయన నలభై తిన్న్యాడు. ఏం గెలిచినావయ్యా అంటే, ఇంకో పది ముంజలు గెలిచినా అంటాడు."

"అవీ తిన్నావా?"

సుంకులమ్మే తల ఊపింది. తిన్నాడు.

"తరవాత?"

"సాయంత్రం నుంచి పొద్దుటిదాకా తొమ్మిది తూర్లు బండి వెనక్కు పోయినాడు. అంతా నీళ్ళే. గొంతు తడుపుకోను గూడా ల్యా. తాగితే మళ్ళా పోవాల్సొస్తాదని."

నేను లెక్క కట్టుకున్నాను. ఒంట్లో నీరు లేదు. పైన బీపీ దించే మాత్ర. దాని పైన మిట్టఎండలో నాలుగు గంటలు నిలబడి బండి నడపడం. కూర్చోబెట్టి చూసినప్పుడు పెట్టెకు రక్తపోటు సరిగానే కనబడింది. పెట్టెకు ముంజల సంగతి తెలియదు. అది తెలియదు కాబట్టే నన్ను పక్కన పెట్టారు.

"నువ్వు నిద్రపోలేదు" అన్నాను. "కళ్ళు తిరిగి పడ్డావు. ఆ పొద్దున ఆ మాత్ర నీకు ఇవ్వకూడదు. ఇచ్చింది నేను."

"అక్కా, దాచింది నేను గదా. కడుపు బాగలేదంటే వారం రోజులు బండి ఎక్కనియ్యరు."

"నేను అడిగివుంటే చెప్పేవాడివా?"

నుదుటి మీది బొప్పి తడుముకున్నాడు.

"నీ మొహం చూసి అబద్ధం చెప్పడం నాకు చేతగాదక్కా. అందుకే నీ దగ్గరికి వస్తా వస్తా స్వామికి మొక్కుకున్నా. ఈ పొద్దు అక్క నన్ను ఏమీ అడగకుండా ఉంటే నీకు కొబ్బరికాయ అని."

అంటే ఆ పొద్దు ఇద్దరమూ ప్రార్థనలోనే ఉన్నాం. స్వామి వాడి మొరే విన్నాడు.

నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను. నన్ను చూసి వాడూ నవ్వాడు, మూడు రోజుల తరవాత మొదటిసారి. సుంకులమ్మ మాత్రం నవ్వలేదు.

ఉప్పూ బెల్లం కలిపిన నీళ్ళు రెండు చెంబులు దగ్గర కూర్చుని తాగించాను.

అదే రోజు, సాయంత్రం

అశ్వర్థన్నకు చెప్పాను. ముందుబండి దిగి, తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, మెట్టు మీద కూర్చున్నాడు.

"అయితే చాప మీద కూర్చుంటానంటావు."

"కూర్చోవాల గదన్నా."

మందు వల్ల మనిషికి కీడు జరిగితే, పూచీదారు ఆ ఇంటికి తన చాప తాను తీసుకుని పోవాలి. గుమ్మం లోపల పరుచుకుని కూర్చోవాలి. ఆ ఇంటివాళ్ళు పైన కూర్చుంటారు. ఏం చేసిందీ, ఏం చూడలేదూ తన నోటితోనే చెప్పాలి. వాళ్ళు అడిగినవాటికి జవాబివ్వాలి. చాప మీద 'కానీ' అన్న మాట అనకూడదు. అంటే మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. ఆ తరవాత ఇంటివాళ్ళు ఏం తేలిస్తే అది. పూచీ వదిలెయ్యమంటే వదిలెయ్యాలి. అప్పుడు పెట్టెలోంచి మన గొంతు తీసేస్తారు.

"చౌడమ్మా, నేను ఒక మాట చెప్తా, విను" అన్నాడు. "నీకు మించిన పూచీదారు మనకు లేదు. అంజినమ్మ గొంతు పెట్టె ఇంకా ఒప్పుకోల్యా. వాళ్ళు వదిలెయ్యమంటే రేపు మన గతేంది? దానికి తోడు, నువ్వే చాప ఎక్కినావంటే జనం మందు మింగడానికి భయపడతారు. మద్దిలేటికి బండి ఇచ్చేస్తా. పెట్టె తప్పు చేసిందని రాద్దాం. సరిపోతాది."

"పెట్టె ఏం తప్పు చేసింది?"

"ఏదో ఒకటి. ఎదురు చెప్తాదా అది?"

"చెప్తాది. దానికి నోరుందిగా. చాప మీద కూర్చోవడమే దానికి రాదు."

అశ్వర్థన్న గడ్డం గోక్కున్నాడు.

మా అవ్వ ఒక సంగతి చెప్పేది. ఊర్లు కదలకుండా ఒకేచోట ఉన్న కాలంలో పెద్ద పెద్ద ఆసుపత్రులు ఉండేవట. మా తాతకు ఒక కాలికి చేయాల్సింది ఇంకో కాలికి చేశారట. ఎవరిని అడగాలో తెలుసుకోవడానికి అవ్వ పదకొండు కిటికీలు తిరిగిందట. ఈ కిటికీ కాదు, ఆ కిటికీ. యంత్రం చెప్పిందమ్మా. యంత్రాన్ని చూసేవాళ్ళు వేరే అమ్మా. పన్నెండో కిటికీ దగ్గరికి పోయేసరికి వాళ్ళు అన్నానికి పోయారట. అవ్వ ఇది నవ్వుతూనే చెప్పేది. అందరూ మర్యాదస్తులే, ఒకరు మంచినీళ్ళు కూడా ఇచ్చారు, ఎవరూ 'నేను' అని మాత్రం అనలేదు అనేది. బిడారు కట్టినప్పుడు పూచీ కట్టు పెట్టించినవాళ్ళలో అవ్వ కూడా ఉంది.

అశ్వర్థన్నకు ఇదంతా తెలుసు. అందుకే చెప్పలేదు. "అవ్వను తలుచుకో అన్నా" అన్నాను.

లేచాడు. "సరే. సాక్షిగా నేనొస్తా. రేపు ఎండ దిగినాక."

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఆ ముంజలు ఏమన్నా మిగిలినాయా?"

మజిలీ 421

ఈ కట్టు పెట్టినవాళ్ళు ఒక సంగతి ఆలోచించలేదు. పూచీదారూ, కీడు జరిగినవాడూ ఒకే ఇంట్లో ఉంటే ఎలా?

"వదినా, లోపలే ఉన్నావు గదా. ఉన్నచోటనే చాప పరుచుకో" అంది సుంకులమ్మ.

"బయట నుంచి రావాల."

చాప చుట్ట చంకలో, నీళ్ళ చెంబు చేతిలో పెట్టుకుని, బండి దిగి, చుట్టూ తిరిగి వచ్చాను. మెట్టు దగ్గర చెప్పులు విప్పాను. సొంత ఇంటికి పరాయిదానిలా రావడం కొత్తగా ఉంది. మంచం కాళ్ళు ఇంత వంకరగా ఉన్నాయని ఇన్నేళ్ళలో ఎప్పుడూ గమనించలేదు.

గుమ్మం లోపల చాప పరిచి కూర్చున్నాను. తెచ్చిన చెంబులోని నీళ్ళు మద్దిలేటికి ఇచ్చాను. నన్ను కింద చూడగానే వాడు మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"కూర్చోరా."

"నువ్వు కింద కూర్చుంటే నేను పైన ఎట్ల కూర్చునేది?" అని వాడూ చాప మీదికి దిగబోయాడు. సుంకులమ్మ చొక్కా పట్టుకుని పైకి లాగింది. మా అమ్మ పోయినప్పుడు వాడికి పదేళ్ళు, అంజినమ్మ పొత్తిళ్ళలో ఉంది. ఈ ఇంట్లో మంచం నాది. తగువులు తీర్చేది నేను. వాళ్ళకు నన్ను అడగడం రాదు. నాకూ అడిగించుకోవడం రాదు.

అశ్వర్థన్న గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. మొదలుపెట్టాను.

"నా పేరు చౌడేశ్వరి. మందుల బండి పూచీ నాది. మజిలీ 417లో పొద్దున మద్దిలేటికి మాత్ర ఇచ్చాను. అతన్ని ఏమీ అడగలేదు. అడిగానని పెట్టెకు చెప్పాను."

"అతనేందక్కా, అతను?" అన్నాడు మద్దిలేటి, నొచ్చుకుని.

"చాప మీద అట్లనే అనాలి. ఊరుకో. ఆ వేళ నేను నామం చెప్పుకుంటున్నాను. అతని చెయ్యి పట్టుకున్న బొటనవేలితో నామాలు లెక్కపెట్టాను. నాడి చూడలేదు, మొహం చూడలేదు. అతనికి నీళ్ళ విరేచనాలు. అడిగివుంటే మాత్ర ఆపేదాన్ని, పడుకోబెట్టేదాన్ని. అతను నిద్రపోలేదు. నేనిచ్చిన మాత్ర వల్ల పడిపోయాడు. అతను దాచిన మాట నిజం, కా—"

ఆగాను.

"అన్న్యావు!" అంది సుంకులమ్మ.

"సగమే అన్నాను."

"సగమన్న్యా అన్నట్టే. మొదటి నుంచి చెప్పు."

అశ్వర్థన్న తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను మొదటి నుంచి చెప్పాను. రెండోసారి తొందరగా అయిపోయింది. దాచిన సంగతి ఇక ఎత్తలేదు. అది నా చాప మీద మాట కాదు.

తరవాత సుంకులమ్మ అంది. ఈసారి నవ్వు లేదు.

"వదినా, పక్కబండి ముసలాయనను రోజూ పావుగంట అడుగుతావు. ఆయన కోడి గుడ్డు పెట్టిందా లేదా గూడా అడుగుతావు. ఇంట్లోవాణ్ణి అడగల్యా? ఆ బండి మిట్ట ఎక్కేటప్పుడు పడింటే? నేను ఎవరికి చెప్పుకోవాల? చెప్పుకోవాలంటే నాకు ఉండేది నువ్వే గదా."

దానికి జవాబు ఉంటే చెప్పాలి. నా దగ్గర ఉన్నది ఒకటే.

"ఇంట్లోవాడు కాబట్టే అడగలేదు సుంకులూ. వాడి సంగతి నాకు తెలుసనుకున్నాను."

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మద్దిలేటి ఆమె భుజం తట్టబోయి, అశ్వర్థన్నను చూసి ఆగిపోయాడు.

అంజినమ్మ ఇంతసేపూ మూలన ఉంది. ముప్పై ఆరేళ్ళొచ్చినా నా ముందు గొంతెత్తదు.

"అక్కా, నేను నిన్ను చూసే నేర్చుకుంటాండా. మొన్న ఒకదాన్నే కూర్చుని అద్దం ముందర అభ్యాసం చేసినా. అడిగాను పూచీ నాది, అడిగాను పూచీ నాది. నీ మాదిరే, ఊపిరి తీసుకోకుండా. బాగా వచ్చింది. సంతోషపడినా." మూలలోంచి ముందుకు వచ్చింది. "అద్దంలో ఎవరిని అడిగినట్టు నేను?"

నాలుగు రోజులుగా నాకు తగలాల్సింది అప్పుడు తగిలింది. ఆ మాట నా నోట్లో నూటతొమ్మిదో నామం అయిపోయింది. ఎప్పుడు అయిందో కూడా తెలియదు.

"పూచీ వదిలెయ్యమంటే వదిలేస్తాను" అన్నాను. "చెప్పండి."

చాప చుట్టి బయటకు వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాను. ఇంటివాళ్ళు మాట్లాడుకునేటప్పుడు పూచీదారు లోపల ఉండకూడదు. గోడలు పలచన. ముక్కలు ముక్కలుగా వినబడింది. ఒకసారి సుంకులమ్మ "గట్టిగా చెప్పయ్యా, అక్కయితే ఏంది!" అంది. ఒకసారి ముగ్గురూ పెద్దగా నవ్వారు. నేను జపం చేసుకోలేదు. ఊరికే కూర్చుని ఎదురుబండి వాళ్ళు రెక్కలు ముడుచుకోవడం చూశాను. పెట్టెలోంచి నా గొంతు తీసేస్తే పొద్దున్నే ఏం చెయ్యాలో తోచలేదు. అంజినమ్మ మధ్యలో దిగి మందుల బండి దాకా పరుగెత్తి, ఏదో చూసుకుని మళ్ళీ పరుగెత్తుకుంటూ వచ్చింది. నన్ను చూసి నవ్వు ఆపుకుంది.

తరవాత లోపలికి పిలిచారు. ఈ సాయంత్రం మా ఇంట్లో తేలింది ఇది.

మద్దిలేటి నిద్రపోలేదు కాబట్టి ముందుబండి వాడిదే. సభ అక్కర్లేదని అశ్వర్థన్న అక్కడికక్కడే చెప్పాడు. తన నడుము కూడా అదే అంటోందన్నాడు.

ఇంట్లో ఇక పందెం ముంజలు లేవు. రోజూ పొద్దున, నేను అడగక ముందే, మద్దిలేటి తన కడుపు సంగతి పైకి చెప్పాలి. ఇది సుంకులమ్మ తేల్చినది. ఎంత పైకి అన్న దగ్గర కొంత వాదన జరిగింది. పక్కబండికి వినబడనంత అని ఒప్పుకున్నారు.

మందుల బండి నాకే ఉంటుంది. జపమాల మాత్రం ఆ బండి ఎక్కదు. గుమ్మం బయట మేకుకు ఉంటుంది. నామం ముందైనా చెప్పుకోవచ్చు, తరవాతైనా చెప్పుకోవచ్చు. ఇది అంజినమ్మ మాట. మేకు కూడా తనే కొట్టింది.

చివరి మాట కీడు జరిగినవాడే చెప్పాలి. మద్దిలేటి పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. ఏడాది పాటు నేను 'అడిగాను, పూచీ నాది' అనకూడదు. ఎవరి చెయ్యి పట్టుకుంటే, వాళ్ళను ఏం అడిగానో వాళ్ళేం చెప్పారో ఆ మాటలతోనే, ఏ రోజుకారోజు కొత్తగా, పూచీ చెప్పాలి. నిన్న అన్నది ఈ రోజు అంటే, విన్నవాళ్ళు ఎవరైనా సరే "ఇది నిన్నటిదక్కా" అనొచ్చు. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి అడగాలి.

పెట్టె ఒప్పుకుంటుందా అని అడిగాను. అంజినమ్మ పరుగెత్తి చూసొచ్చింది అదేనట. పెట్టెతో పాటు వచ్చిన పత్రంలో, పూచీదారు గొంతు ఉంటే చాలు, మాటలు ఎవరిష్టం వాళ్ళవి అని ఉందట. ఈ రెండు ముక్కలే అనాలని అది ఎవరినీ ఎప్పుడూ అడగలేదు.

అందరూ సరే అన్నారు. నేనూ సరే అన్నాను. రేపు వరసలో మొదట తానే నిలబడతానని మద్దిలేటి చెప్పాడు. నేనేం చెబుతానో వినాలట.